ఇసుకను మింగింది సముద్రమా, హార్బరా? వాతావరణ మార్పుపై విశాఖ వాదనలో అసలు చిక్కు

క్లుప్తంగా: భూమి వేడెక్కడానికి ప్రధాన కారణం మనుషులేనన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయం దాదాపు లేదు. అయితే ఆ నిర్ధారణ ఒక్కో మెట్టు దిగి ఒక తుఫాను, ఒక వేసవి, ఒక బీచ్ దగ్గరకు వచ్చేసరికి పలచబడుతుంది. విశాఖలో వినిపించే వాదనలు ఎక్కువగా కింది మెట్ల గురించే. పై మెట్టు మీది ధీమాను కింది మెట్టుకు అరువిచ్చినా, కింది మెట్టు మీది సందేహాన్ని పై మెట్టుకు ఎక్కించినా నమ్మకం దెబ్బతింటోంది.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చుట్టుపక్కల ఇసుక కోసుకుపోయిన ప్రతిసారీ నగరంలో రెండు వివరణలు బయటికొస్తాయి. 'సముద్రం పెరుగుతోంది, ఇదంతా వాతావరణ మార్పు' అన్నది ఒకటి. 'అదేం కాదు, హార్బరు కట్టినప్పటి నుంచే ఇసుక పోతోంది' అన్నది రెండోది. మొదటి మాట అనేవాళ్లు రెండోవాళ్లను సైన్సు తెలియనివాళ్లుగా లెక్కగడతారు. రెండోవాళ్లలో పాత విశాఖవాసులుంటారు, వేటకు వెళ్లే జాలర్లుంటారు, హార్బరు పనులు తెలిసినవాళ్లుంటారు. తమ కళ్ల ముందు జరిగినదాన్ని పక్కనపెట్టి ఎవరో రాసిన అంతర్జాతీయ నివేదికను చూపిస్తే, వాళ్లకు ఆ నివేదిక మీదే అనుమానం పుడుతుంది.

ఈ బీచ్ వరకు ప్రధానంగా రెండోవాళ్ల మాటే సరైనది. 'కాబట్టి వాతావరణ మార్పు ఒట్టిమాట' అని దాని నుంచి తీసే ముగింపు మాత్రం తప్పు. ఒకే మనిషి ఒకే వాక్యంలో సగం ఒప్పు, సగం తప్పు ఎలా అవుతాడన్నది ఇక్కడ చూడాల్సిన విషయం.

ఇసుక నడిచే దారి

తూర్పు తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి వచ్చి ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. ప్రతి అలా కాస్త ఇసుకను ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య గాలులు వీచే చలికాలంలో ఈ నడక తిరగబడుతుంది గానీ, ఏడాది మొత్తం జమాఖర్చు చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అది లక్షల ఘనపు మీటర్ల లెక్క. ఒక బీచ్ ఏళ్ల తరబడి నిలకడగా కనిపిస్తోందంటే అక్కడ ఇసుక కదలడం లేదని కాదు, పోయినంతా మళ్లీ వస్తోందని.

విశాఖ హార్బరు ఈ దారికి అడ్డంగా ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన 1933లో లోపలి హార్బరు తెరిచిన కాలంలోనే, ముఖద్వారం పూడిపోకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. 1970ల్లో ఔటర్ హార్బరు కోసం సముద్రంలోకి పొడవాటి రాతి కట్టలు వేశారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ కట్టల దగ్గర నిలిచిపోతుంది. కట్టలకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ నుంచి మాత్రం అలలు తమ వాటా ఇసుకను ఎప్పట్లాగే పట్టుకుపోతుంటాయి. రాబడి ఆగిపోయి ఖర్చు ఆగని ఇంటి పరిస్థితి ఆ బీచ్‌ది. పోర్టు ఇంజినీర్లకు ఇది మొదటి నుంచీ తెలుసు. కట్టల దగ్గర ఇసుక చేరే చోటును కేటాయించి, అక్కడ డ్రెడ్జర్లతో తవ్వి తీసిన ఇసుకను పైపుల ద్వారా బీచ్‌కు చేర్చే పని దశాబ్దాలుగా నడుస్తున్నది అందుకే.

ఇక తుఫాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో నగరం మీదుగానే తీరం దాటింది. ఇలాంటి తుఫాను ఒడ్డు మీది ఇసుకను ఊడ్చి కొంత దూరంలో సముద్రం అడుగున దిబ్బగా పోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బీచ్ అయితే ఆ తర్వాతి నెలల్లో మెల్లని అలలు ఆ ఇసుకను తిరిగి ఒడ్డుకు తెస్తాయి. అసలే ఇసుక కరువున్న బీచ్ అంత తేలిగ్గా కోలుకోదు. తుఫాను తర్వాత ఆర్కే బీచ్ కోత అంతగా వార్తల్లోకెక్కడం వెనుక ఈ రెండు కారణాలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తుఫాను ఒక్క రోజుది, కరువు నలభై ఏళ్లది.

మిల్లీమీటర్ల లెక్క

మరి సముద్ర మట్టం పెరగడం మాటేమిటి? విశాఖ పోర్టులో ఆటుపోట్లను కొలిచే పరికరం 1930ల చివరి నుంచి ఉంది. దేశంలో ఇంత పాత రికార్డులున్న రేవులు కొన్నే. గత శతాబ్దపు ఆ రికార్డు ప్రకారం ఇక్కడ సముద్ర మట్టం ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగింది. సందేహించేవాళ్లు ఎత్తి చూపే అంకె ఇదే: ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే బీచ్ పోతుందా?

అంకె నిజమే, కానీ అది పాత కాలపు సగటు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన జాతీయ అంచనా నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రంలో 1874 నుంచి 2004 దాకా ఈ పెరుగుదల ఏడాదికి 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల మధ్య ఉండగా, 1993 నుంచి 2017 మధ్య అది 3.3 మిల్లీమీటర్లకు చేరింది. ప్రపంచ సగటు కూడా ఇదే తీరున నడిచింది. 1901-1971 మధ్య ఏడాదికి 1.3 మిల్లీమీటర్లున్నది 2006-2018 నాటికి 3.7 మిల్లీమీటర్లయింది. అంటే చూడాల్సింది మట్టంతో పాటు అది పెరిగే వేగాన్ని.

ఈ మార్పు ఒడ్డున నిలబడి చూస్తే కంటికి ఆనదు. అమావాస్య, పౌర్ణములకు విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. దానికి తోడు బంగాళాఖాతంలో గాలులు, ప్రవాహాలు మారడం వల్ల తీరం వెంట సముద్ర మట్టం వేసవి మొదట్లో కంటే అక్టోబరు, నవంబరుల్లో పదుల సెంటీమీటర్లు ఎక్కువగా ఉంటుంది. ఏటా ఇంత ఎత్తున లేచి పడే నీటిలో మూడు మిల్లీమీటర్లను పట్టుకోవాలంటే దశాబ్దాల కొలతలు కావాలి. 'మా చిన్నప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేది కాదు' అన్న జ్ఞాపకం ఇసుక గురించి నిజం చెబుతుంది. నీటి మట్టం గురించి మాత్రం అది సాక్ష్యం కాలేదు, ఎటువైపు వాదనకైనా.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరిగిన పొరపాటు ఇంకొకటి ఉంది. 2021 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ నివేదిక వచ్చాక, దాని అంచనాలతో నాసా తయారుచేసిన సాధనం ఆధారంగా, శతాబ్దాంతానికి విశాఖతో సహా 12 భారతీయ నగరాలు నీట మునుగుతాయన్న అర్థంలో వార్తలొచ్చాయి. విశాఖకు ఇచ్చిన అంకె 1.77 అడుగులు, అంటే 54 సెంటీమీటర్లు. అది సముద్ర మట్టం ఎంత పెరగవచ్చన్న అంచనా. నగరం మీద నిలిచే నీటి లోతు కాదు. సింహాచలం, కైలాసగిరి, యారాడ కొండల మధ్య ఎత్తుపల్లాలతో ఉన్న ఊరు అడుగున్నర నీటితో మునగదు. కానీ ఆ 54 సెంటీమీటర్లు తేలికైనవీ కావు. తుఫాను ఉప్పెన అంత ఎత్తైన మెట్టు మీద నుంచి మొదలవుతుంది. ఒడ్డునే ఉన్న జాలరిపేటలకూ, ఫిషింగ్ హార్బరుకూ, మురుగుకాలువలు సముద్రంలో కలిసే చోట్లకూ అది పెద్ద తేడా. బావుల్లో ఉప్పునీరు చేరే ముప్పూ పెరుగుతుంది. 'విశాఖ మునిగిపోతుంది' అని చదివినవాడు సింహాచలం కొండకేసి చూసి నవ్వుకుంటే ఆ తప్పు అతనిది కాదు. శీర్షిక పెట్టినవాళ్లది.

ఒకే మాటకు మూడు అర్థాలు

ఈ గందరగోళంలో తెలుగు మాటకూ కొంత వాటా ఉంది. భూమిని కప్పి ఉన్న గాలి పొరనూ, ఇవాళ్టి ఎండావానలనూ, ముప్పై ఏళ్ల సగటు తీరునూ మనం 'వాతావరణం' అనే అంటాం. భూగోళం పాఠ్యపుస్తకాల్లో మూడోదానికి 'శీతోష్ణస్థితి' అన్న మాట ఉంది గానీ అది పరీక్షల దగ్గరే ఆగిపోయింది. దాంతో 'వాతావరణంలో మార్పు, రెండ్రోజులు వానలు' అన్న వార్తా, 'వాతావరణ మార్పుతో ముప్పు' అన్న వార్తా ఒకే పేజీలో ఒకే మాటతో వస్తాయి. 'రేపటి వానే సరిగా చెప్పలేరు, యాభై ఏళ్ల తర్వాతి సంగతి ఎలా చెబుతారు' అన్న ప్రశ్నకు మూలం చాలామటుకు ఇక్కడే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు సముద్రం దగ్గరే దొరుకుతుంది. రాబోయే అల ఎంత ఎత్తున లేస్తుందో ఏ జాలరీ కచ్చితంగా చెప్పలేడు. పోటు ఏ వేళకు వస్తుందో మాత్రం చెప్పగలడు. అల అప్పటి గాలిని బట్టి ఉంటుంది, పోటు చంద్రుడిని బట్టి ఉంటుంది. రేపటి వాన అల లాంటిది. ముప్పై ఏళ్ల సగటు ఉష్ణోగ్రత పోటు లాంటిది. సూర్యుడి నుంచి భూమికి వచ్చే శక్తికీ భూమి నుంచి తిరిగి బయటికి వెళ్లే శక్తికీ మధ్య తేడా దాన్ని నడిపిస్తుంది.

కాలుష్యంతో కలిపేయడం మరో చిక్కు. విశాఖలో గాలి అనగానే పోర్టు బొగ్గు ధూళి గుర్తుకొస్తుంది; పాత నగరంలో ఇళ్ల మీద నల్లగా పేరుకునేది అదే. అది ఊపిరితిత్తుల సమస్య, ఈ రోజు సమస్య. ధూళి రోజుల్లో, వారాల్లో కిందికి దిగిపోతుంది. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అందులో గణనీయమైన భాగం శతాబ్దాల పాటు గాలిలోనే ఉంటుంది. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లితే మొదటిది తగ్గుతుంది, రెండోది తగ్గదు.

ఏకాభిప్రాయం ఏకగ్రీవం కాదు

'శాస్త్రవేత్తలంతా ఒప్పుకున్నారు' అంటే మనకు పంచాయతీ ఎన్నిక గుర్తుకొస్తుంది. అందరూ కూర్చుని చేతులెత్తారేమో, ఎత్తనివాళ్లను బయటికి పంపారేమో అన్న శంక సహజం. సైన్సులో ఏకాభిప్రాయం అలా కుదరదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని కొలతలు ఒకే చోటికి వచ్చి చేరితే కుదురుతుంది.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్న సంగతి 1856లో యూనిస్ ఫుట్, 1859లో జాన్ టిండాల్ చేసిన ప్రయోగాల నాటిది. గాలిలో అది రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వాంటే అర్హీనియస్ చేత్తో లెక్కగట్టారు. అప్పటికి విశాఖకు హార్బరే లేదు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది.

ఆ పెరిగినది మనుషులదేనని ఎలా తెలుసు? బొగ్గు, చమురు ప్రాచీన మొక్కల నుంచి వచ్చినవి. వాటిలోని కార్బన్‌కు, గాలిలోని కార్బన్‌కు పరమాణువుల బరువుల నిష్పత్తిలో తేడా ఉంటుంది. గాలిలో ఆ నిష్పత్తి శిలాజ ఇంధనాల వైపు జరుగుతూ వస్తోంది. వేడెక్కడానికి సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ, పైది కూడా, వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పై పొర చల్లబడుతోంది. వేడిని కింద పట్టి ఉంచే వాయువులు పెరిగితే జరిగేది సరిగ్గా ఇదే. పైగా 1980ల నుంచి సూర్యుడి తీక్షణతలో పెరుగుదల లేదు. ఇలాంటి ఆనవాళ్లు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పరికరాలతో, ఒకరి తప్పు ఒకరు పట్టాలని చూసే బృందాలకు దొరికాయి. ఈ శాస్త్రం పూర్తిగా పరాయిదీ కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్రాల బోధన గత శతాబ్దం మధ్య నుంచి ఉంది. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల్లో ఇక్కడికి వచ్చి విద్యార్థులతో బంగాళాఖాతాన్ని కొలిపించారు.

తరచూ వినిపించే '97 శాతం' అంకె గురించి ఒక వివరణ అవసరం. 2013లో జాన్ కుక్ బృందం దాదాపు 12 వేల పరిశోధన పత్రాల సారాంశాలను చదివింది. వాటిలో మూడింట రెండొంతులు కారణం గురించి ఏ అభిప్రాయమూ చెప్పలేదు. అభిప్రాయం చెప్పినవాటిలో 97 శాతం మనుషులే కారణమన్నాయి. ఈ మొదటి సగం వదిలేసి రెండో సగం మాత్రమే ప్రచారం చేయడంతో, విమర్శకులు మొదటి సగాన్ని బయటికి తీసి 'దాచిపెట్టారు' అనగలిగారు. నిజానికి అందులో దాచడానికేమీ లేదు. భూమి గుండ్రంగా ఉందని ప్రతి భూగోళ పత్రంలోనూ రాయరు. 2021లో ఇంకా పెద్ద సంఖ్యలో, 88 వేలకు పైగా పత్రాలతో జరిగిన అధ్యయనంలో ఆ శాతం 99 దాటింది. అదే ఏడాది ఐపీసీసీ మానవ ప్రభావం 'నిస్సందేహం' అని తేల్చింది.

ఆ 'నిస్సందేహం' అన్న మాట ఒక్క వాక్యానికి సంబంధించింది: మనుషుల వల్ల గాలి, సముద్రం, నేల వేడెక్కాయి. ఇంకే వాక్యానికీ అదే బలం ఉందనుకోకూడదు. వడగాడ్పులు, భారీ వర్షాల విషయంలో నివేదికలు బలంగానే మాట్లాడతాయి. తుఫానుల దగ్గర ఆచితూచి మాట్లాడతాయి. ఒక జిల్లాలో వచ్చే పదేళ్ల వాన దగ్గరకొస్తే మరీ జాగ్రత్తపడతాయి.

తుఫానులు తగ్గాయా, పెరిగాయా?

రెండూ నిజమే కావడం వల్ల ఇది విశాఖలో తెగని వాదన. పైన చెప్పిన 2020 జాతీయ నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏటా వచ్చే తుఫానుల సంఖ్య 1951 నుంచి 2018 మధ్య గణనీయంగా తగ్గింది. అదే నివేదిక 2000-2018 మధ్య రుతుపవనాల తర్వాతి కాలంలో అతి తీవ్ర తుఫానులు పెరిగాయని కూడా చెప్పింది. ఒకరు మొదటి వాక్యం, ఇంకొకరు రెండో వాక్యం పట్టుకుని ఎంతసేపైనా వాదించుకోవచ్చు.

వేడెక్కిన సముద్రం ఎక్కువ నీటిని ఆవిరి చేస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఆ తేమ తిరిగి నీరైనప్పుడు విడుదలయ్యే వేడే తుఫానుకు ఇంధనం. 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. అయితే తుఫాను పుట్టాలంటే ఇంధనం ఒక్కటే చాలదు, ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలుల వేగం, దిశ మరీ మారిపోకూడదు కూడా. పుట్టడానికి అవరోధాలు పెరిగి, పుట్టినదానికి మేత పెరిగితే సంఖ్య తగ్గి తీవ్రత పెరగడం సాధ్యమే.

హుద్‌హుద్‌ను వాతావరణ మార్పు తెచ్చిందని ఎవరూ చెప్పలేరు. అటువంటి తుఫానులు ఈ తీరానికి కొత్త కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. హుద్‌హుద్‌కు ఎవరు కారణమని అడిగితే జవాబు దొరకదు. అలాంటి తుఫాను కురిపించే వాన, తెచ్చే ఉప్పెన వేడెక్కిన సముద్రం వల్ల ఎంత పెరుగుతాయి అని అడిగితే దొరుకుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు, రోళ్లు పగిలే ఎండలు

'వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది' అనేవాళ్లకు విశాఖలో గట్టి సాక్ష్యమే ఉంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ దిబ్బల పొరల్లో సముద్రం వెనక్కి తగ్గిన, ముందుకు వచ్చిన చరిత్ర ఉంది. 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ఉచ్చదశలో ప్రపంచ సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉండేది. అప్పుడు కార్ల పొగ లేదు, ఫ్యాక్టరీ లేదు.

ఈ సంగతి కనిపెట్టినది శాస్త్రవేత్తలే. అప్పటి మార్పులకు భూమి కక్ష్యలో, వాలులో వేల ఏళ్లకొకసారి వచ్చే తేడాలు మూలం. ఆ చక్రాల లెక్క ప్రకారం భూమి ఇప్పుడు చాలా నెమ్మదిగా చల్లబడే దశలో ఉండాలి. 2011-2020 దశాబ్దపు సగటు 1850-1900 కంటే 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉంది. అడవి తనంతట తాను తగలబడిన రోజులున్నాయన్నంత మాత్రాన, ఇప్పుడు అగ్గిపుల్ల గీసినవాడు లేడని కాదు. పైగా ఎర్రమట్టి దిబ్బలు పేరుకున్న కాలంలో ఒడ్డున నగరాలు, ఉక్కు కర్మాగారాలు, రేవులు లేవు.

'రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి' అన్న సామెతను కూడా ఇలాగే వాడతారు: ఆ ఎండలు అప్పుడూ ఉన్నాయిగా అని. సామెత నిజాన్నే చెప్పింది, కానీ అది ఎండ ఏ కాలంలో వస్తుందో చెబుతుంది. ఎన్ని రోజులుంటుందో, రాత్రి ఎంత చల్లబడుతుందో కొలవదు. విశాఖలో కొలతే ఒక చర్చ. వాతావరణ శాఖకు నగరంలో వాల్తేరులో ఒకటి, విమానాశ్రయంలో ఒకటి కేంద్రాలున్నాయి. సముద్రపు గాలి తగిలే వాల్తేరుకూ కొండల వెనుక ఉన్న విమానాశ్రయానికీ వేసవి మధ్యాహ్నాల్లో కొన్ని డిగ్రీల తేడా మామూలే. రెండంకెలూ పక్కపక్కనే చూసి 'ఏది నిజం' అని అడిగేవాళ్లున్నారు. రెండూ నిజమే. దీర్ఘకాలిక మార్పును లెక్కించేటప్పుడు ఒక్కో కేంద్రాన్ని దాని గతంతోనే పోలుస్తారు, పక్క కేంద్రంతో కాదు. కాంక్రీటు పెరిగి, హుద్‌హుద్‌లో చెట్లు పోయి నగరం సొంతంగా వేడెక్కిన మాటా వాస్తవమే. కాంక్రీటు లేని నడిసముద్రం కూడా ఒక డిగ్రీ వేడెక్కిందన్న కొలత దీనికి పక్కన పెట్టి చూడాలి.

నమ్మకం తెగే చోటు

2007 ఐపీసీసీ నివేదికలో హిమాలయ హిమనదాలు 2035 నాటికి మాయం కావచ్చన్న వాక్యం ఉంది. దానికి సరైన ఆధారం లేదు. 2009 నవంబరులో భారత పర్యావరణ శాఖ విడుదల చేసిన వి.కె. రైనా పత్రం అంత తొందరలో హిమనదాలు పోతాయన్నదాన్ని ప్రశ్నించినప్పుడు, ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని కటువుగా తోసిపుచ్చారు. రెండు నెలలకే, 2010 జనవరిలో, సంస్థ తప్పును ఒప్పుకుని విచారం వ్యక్తం చేసింది. వేల పేజీల్లో ఒక్క వాక్యం తప్పు. దాని మీద ప్రశ్న వచ్చినప్పుడు ఇచ్చిన జవాబు ఆ తప్పు కంటే ఎక్కువ నష్టం చేసింది. హిమనదాలు కరుగుతున్నది నిజం. కానీ 'అప్పుడూ ఇలాగే చెప్పారుగా' అన్న మాట ఇప్పటికీ బతికే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ తుఫాను హెచ్చరికలు. 1977 ఉప్పెన రోజుల్లో హెచ్చరిక ఊళ్లకు చేరేదే అరుదు. హుద్‌హుద్ ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో రోజుల ముందే తెలిసింది, లక్షల మంది సురక్షిత ప్రాంతాలకు కదిలారు. హెచ్చరిక వచ్చినప్పుడు అది తప్పు కావచ్చన్న పరిధి కూడా చెబుతారు. తర్వాత నిజంగా ఏం జరిగిందో అందరూ చూస్తారు. ప్రతి తుఫానుతో ఆ శాస్త్రానికి పరీక్ష జరుగుతుంది. వాతావరణ మార్పు అంచనాలకు ఆ వెసులుబాటు తక్కువ, అవి తేలడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. అయితే 1970ల నుంచి వేసిన ప్రధాన అంచనాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతి ఉష్ణోగ్రతలతో బాగానే సరిపోయాయి. ఇది పాఠకుల దాకా చేరిన విషయం కాదు.

చదువు పెరిగితే సందేహం పోతుందన్న నమ్మకమూ అంత సరైనది కాదు. 2012లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనంలో, సైన్సు పరిజ్ఞానం ఎక్కువ ఉన్నవాళ్ల మధ్యే భేదాభిప్రాయం ఎక్కువ కనిపించింది. తెలిసినదాన్ని తమ వర్గం వాదనను బలపరచుకోవడానికి వాడుకున్నారన్నమాట.

అమెరికా వాదన వేరు, మన వాదన వేరు

అక్కడ ప్రశ్న 'ఇది నిజమా' అన్నది, అదీ పార్టీల గీత మీద. ఇక్కడ పరిస్థితి వేరు. యేల్, సీఓటర్ కలిసి 2021-22లో భారత్‌లో జరిపిన సర్వేలో 84 శాతం మంది భూమి వేడెక్కుతోందన్నారు. 57 శాతం మంది మనుషులు కారణమంటే, 31 శాతం మంది సహజ మార్పులన్నారు. కొట్టిపారేసేవాళ్లు తక్కువ. గట్టి వాదన నడిచేది 'భారం ఎవరు మోయాలి' అన్నదాని మీద. తలకు ఏడాదికి రెండు టన్నుల దరిదాపు కార్బన్ డయాక్సైడ్ వదిలే భారతీయుడు, 14 టన్నుల దరిదాపు వదిలే అమెరికన్‌తో సమానంగా ఎందుకు తగ్గించుకోవాలన్నది న్యాయమైన ప్రశ్న. అది సైన్సు మీద ప్రశ్న కాదు. రెంటినీ కలిపేసినప్పుడు న్యాయమైన ప్రశ్న అడిగినవాడు సైన్సును కాదన్నట్టు కనిపిస్తాడు, కొన్నిసార్లు అతనూ అలాగే అనుకుంటాడు.

విశాఖలో దీనికి పొట్టకూటి కోణం ఉంది. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో ప్రాణత్యాగాల మీద వచ్చిన కర్మాగారం కోక్ బొగ్గుతో నడుస్తుంది. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. రేవులో దిగే సరుకులో బొగ్గు వాటా పెద్దది. బొగ్గు తగ్గించాలన్న మాట ఈ ఊళ్లో గ్రాఫు మీద అంకెలా వినబడదు, ఎవరి ఉద్యోగమో అన్నట్టు వినబడుతుంది. ఉద్యోగం గురించి జవాబు లేనప్పుడు అంకెను అనుమానించడమే మనిషికి మిగిలే దారి. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు బొగ్గు మీద బతికేవాళ్లకు అందులో ఎంత చోటు ఉంటుందన్నది ఇక్కడి నమ్మకాన్ని ఏ నివేదిక కంటేనైనా ఎక్కువ ప్రభావితం చేస్తుంది. ఈలోపు ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి ఉక్కు దిగుమతుల మీద కార్బన్ సుంకం అమల్లోకి తెచ్చింది. ఎగుమతి చేసే కర్మాగారం వాతావరణ మార్పును నమ్మినా నమ్మకపోయినా తన పొగను లెక్కపెట్టుకోక తప్పదు.

కారణాలు కలిసిపోతే జరిగేది

జాలర్ల వలల్లోనూ ఇదే చిక్కు ఉంది. నూనె కవళ్లు ఒకప్పుడు దాదాపు పూర్తిగా మలబారు తీరపు చేప. 1980ల తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో కూడా బాగా పడటం మొదలైంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని సముద్రం వేడెక్కడంతో ముడిపెట్టారు. వేరే చేపలు తగ్గడానికి మాత్రం వేడి ఒక్కటే కారణం కాదు, మర పడవలు పెరగడం, సన్నకన్ను వలలు కూడా కారణాలే. అంతా సముద్రం వేడి మీదికి నెడితే వలల నియంత్రణ వెనక్కి పోతుంది. అంతా వలల మీదికి నెడితే చిన్న పడవ జాలరి తాను చేయని తప్పుకు బాధ్యుడవుతాడు.

ఆర్కే బీచ్ దగ్గర నష్టం ఇంకా సూటిగా ఉంటుంది. కోతకు కారణం వాతావరణ మార్పేనని ప్రకటిస్తే, ఏటా ఇసుక చేర్చాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాయమవుతుంది. ప్రపంచం మీది నేరానికి స్థానికంగా ముద్దాయి ఉండడు. హార్బరే కారణమని తేల్చి ఊరుకుంటే ఇంకో లెక్క తప్పుతుంది. ఇసుక తీరాల గురించి ఇంజినీర్లు వాడే స్థూల సూత్రం ప్రకారం సముద్ర మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే ఒడ్డు అర మీటరు నుంచి మీటరు దాకా వెనక్కి జరగవచ్చు. ఈ సూత్రం ప్రతి తీరానికీ సరిపోదన్న విమర్శ ఉంది, అయినా దిశ అదే. ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల లెక్కన ముప్పై ఏళ్లలో మట్టం పది సెంటీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు హార్బరు ఆపిన ఇసుక మొత్తాన్నీ తెచ్చి పోసినా బీచ్ ఇప్పుడున్న చోట నిలబడదు, ఇంకొంత అదనంగా పోయాల్సి ఉంటుంది. ఆ అదనం ఎంతో తెలియాలంటే హార్బరు కోతనూ సముద్రం పెరుగుదలనూ వేర్వేరు ఖాతాల్లో రాయాలి. మొదటి ఖాతాకు డ్రెడ్జింగ్ రికార్డులు, రెండోదానికి పోర్టులోని ఆటుపోట్ల రికార్డు ఆధారం. రెండూ ఇదే ఊళ్లో ఉన్నాయి.